చేతులు ఆగితే మనిషి లేనట్టేనా?

తెలుగు రాష్ట్రాల్లో మీ సేవ కేంద్రం ఎలాంటిదో, ఛత్తీస్‌గఢ్‌లో జనం 'చాయిస్ సెంటర్' అని పిలుచుకునే సేవా కేంద్రం అలాంటిదే. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డులో కొత్త పేరు, పింఛను దరఖాస్తు, బ్యాంకు ఖాతాలో తునికాకు డబ్బు పడిందో లేదో చూడటం వంటి పనులన్నీ అక్కడి కంప్యూటర్ ముందే తేలాలి. బస్తర్ ప్రాంతంలో ఇలాంటి కేంద్రానికి రావడమంటే చాలామందికి ఒక రోజు కూలి వదులుకోవడమే. బీజాపూర్, సుక్మా, నారాయణపూర్ జిల్లాల్లో అడవి లోపలి ఊళ్ల నుంచి బ్లాకు కేంద్రానికి చేరడమే పెద్ద ప్రయాణం.

అంత దూరం వచ్చిన మనిషి దరఖాస్తు సగంలో ఉండగా కంప్యూటర్ 'ఎవరూ లేరు' అనుకుని సెషన్ మూసేస్తే నష్టం ఎవరిది? అలా మూసేయకుండా వదిలేస్తే, ఆయన వెళ్లిపోయాక పక్క కుర్చీలోకి వచ్చినవాళ్లు ఆయన ఆధార్ నంబరు, ఖాతా వివరాలు చూస్తే నష్టం ఎవరిది? రెండూ ఆయనకే. ఖాళీగా ఉన్న వినియోగదారుడిని కంప్యూటర్ దానంతట అదే బయటికి పంపే 'ఆటోమేటిక్ లాగౌట్' అనే చిన్న అమరిక వెనకున్న చిక్కు ఇదే. వ్యవస్థ నిర్వాహకులు ఒకసారి ఒక అంకె పెట్టి మరిచిపోయే విషయం ఇది. ఆ అంకె ఎక్కడి జీవితాన్ని చూసి పెట్టారన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. అడగాల్సిన సమయం వచ్చింది.

యంత్రానికి తెలిసేది ఎంత?

పాదరసం థర్మామీటర్ నేరుగా ఉష్ణోగ్రతను చూడదు. పాదరసం ఎంత వ్యాకోచించిందో చూపిస్తుంది. దాన్నిబట్టి ఉష్ణోగ్రత ఇంత అని మనుషులు గీతలు గీశారు. కొలవదలచింది ఒకటి, నిజంగా కొలిచేది మరొకటి. రెండింటి మధ్య సంబంధం సరిగ్గా ఉన్నంతవరకే ఆ గీతలకు విలువ.

కంప్యూటర్ 'ఖాళీగా ఉన్న సమయం' లెక్కించడం కూడా ఇలాంటిదే. తెలుసుకోవాల్సింది మనిషి అక్కడ ఉన్నాడా లేదా అని. కొలిచేది మాత్రం కీబోర్డు మీద చివరి మీట నొక్కి, మౌసు చివరిసారి కదిలి ఎన్ని సెకన్లైంది అని. లినక్స్ డెస్క్‌టాప్‌లో తెర వ్యవహారాలు చూసే ఎక్స్ సర్వర్ గానీ, దాని స్థానంలోకి వచ్చిన వేలాండ్ కంపోజిటర్ గానీ ఈ లెక్క ఉంచుతాయి. మీట నొక్కగానే లెక్క సున్నాకు వస్తుంది. ఊరుకుంటే పెరుగుతూ పోతుంది. నిర్ణీత గడువు దాటగానే డెస్క్‌టాప్ చర్య తీసుకుంటుంది.

సినిమా చూస్తున్నప్పుడు తెర ఆరిపోకుండా ఒక ఏర్పాటు ఉంది. వీడియో ప్లేయర్ వంటి ప్రోగ్రాములు 'ఇప్పుడు ఆపొద్దు' అని వ్యవస్థకు ముందే చెబుతాయి. కానీ కాగితం చదువుతున్న మనిషి, పక్కవాడిని అడిగి పుట్టిన తేదీ గుర్తు తెచ్చుకుంటున్న మనిషి, పేజీ తెరుచుకోవడం కోసం ఎదురుచూస్తున్న మనిషి అలా చెప్పలేరు. యంత్రం దృష్టిలో వాళ్లు కుర్చీలో లేరు. అది కొలిచేది చేతుల కదలికను. మనిషి ఉనికిని ఆ కదలిక నుంచి ఊహించుకుంటుంది.

ఒక కొలత, రెండు తప్పులు

ఇలాంటి ఊహ ఎక్కడున్నా రెండు రకాల తప్పులు తప్పవు. మనిషి ఉన్నా లేడనుకోవడం ఒకటి. మనిషి వెళ్లిపోయినా ఉన్నాడనుకోవడం రెండోది. గడువు తగ్గిస్తే మొదటి తప్పు పెరుగుతుంది. గడువు పెంచితే రెండోది పెరుగుతుంది. పొగను పసిగట్టే అలారంలోనూ, రక్తపరీక్షలోనూ ఉన్న ఇబ్బందే ఇది. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే అంకె లేదు.

కాబట్టి 'సరైన గడువు ఎంత?' అన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు. ఏ తప్పు వల్ల ఎవరికి ఎంత నష్టం అన్న ప్రశ్న అందులో దాగి ఉంది. సొంత గదిలో, సొంత కంప్యూటర్‌తో పనిచేసే ఉద్యోగికి మొదటి తప్పు వల్ల పోయేది అరనిమిషం. పాస్‌వర్డ్ మళ్లీ కొడితే సరిపోతుంది. బస్తర్‌లో వరుసలో నిలబడినవాడికి అదే తప్పు వల్ల రోజంతా పోవచ్చు. అలాగే రెండో తప్పు. తలుపు వేసిన గదిలో దాని ప్రమాదం తక్కువ. పది మంది మసలే కేంద్రంలో ఎక్కువ. అంటే ఉమ్మడి కంప్యూటర్ దగ్గర రెండు తప్పుల ఖరీదూ పెరుగుతుంది. ఆఫీసు కోసం పెట్టిన అంకెను తెచ్చి అక్కడ అతికిస్తే కుదరదనడానికి మొదటి కారణం ఇదే.

ఈ అలవాటు పాతదే. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. ఒకరి ఫైళ్లు మరొకరికి కనపడకుండా పాస్‌వర్డు వాడుకలోకి వచ్చిందీ అందులోనే. కంప్యూటర్ సమయం, జ్ఞాపకశక్తి ఎంతో ఖరీదైన ఆ కాలంలో, పని లేకుండా టెర్మినల్ పట్టుకు కూర్చున్నవాడు మరొకరి చోటు ఆపినట్టే. ఆ తర్వాతి దశాబ్దాల్లో కంప్యూటర్లు చవకై ఒక్కొక్కరికి ఒకటి వచ్చాయి. చోటు కోసం కాకుండా భద్రత కోసం గడువు పెట్టడం మొదలైంది. బస్తర్‌లో మాత్రం పాత కారణం పోలేదు, కొత్త కారణం వచ్చి చేరింది. అక్కడ కంప్యూటర్ ఇప్పటికీ పంచుకునే వస్తువే.

మూడు తలుపులు

మామూలు మాటల్లో కలిసిపోయే మూడు పనులను విడదీసి చూడాలి. మొదటిది తెర ఆరిపోవడం. దీనివల్ల కరెంటు ఆదా అవుతుంది తప్ప భద్రత ఏమీ రాదు. రెండోది తెరకు తాళం పడటం. లోపలి పని అలాగే ఉంటుంది, పాస్‌వర్డ్ కొడితే తిరిగి కనపడుతుంది. మూడోది లాగౌట్. తెరిచిన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి. దాచుకోని పని పోతుంది.

సొంత కంప్యూటర్‌కు తాళమే మేలు. పని పోదు, పరాయివాడు చూడలేడు. ఉమ్మడి కంప్యూటర్‌లో తాళం వేరే తలనొప్పి తెస్తుంది. తాళం వేసుకుని వెళ్లినవాడు తిరిగి రాకపోతే తర్వాతివాడు ఏం చేయాలి? వేరే ఖాతాతో మరో సెషన్ తెరవవచ్చు. కానీ ఒక్కో గ్రాఫికల్ సెషన్ వందల మెగాబైట్ల ర్యామ్ పట్టుకుంటుంది. తక్కువ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో నాలుగు సెషన్లు పేరుకుపోతే అది నత్తనడక నడుస్తుంది. చివరికి ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. జర్నలింగ్ ఉన్న ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్ డిస్కు నిర్మాణాన్ని కాపాడుతుందేమో గానీ, రాసి దాచుకోని దరఖాస్తును కాపాడలేదు. అందుకే ఉమ్మడి యంత్రాలకు తాళంతో పాటు లాగౌట్ కూడా కావాలి. వద్దనడం పరిష్కారం కాదు. ఎలా పెట్టాలన్నదే చర్చ.

లినక్స్‌లో మీట ఎక్కడుంది?

ఈ చర్చకు లినక్స్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఈ గడువు ఎవరి చేతుల్లో ఉందో స్పష్టంగా కనపడుతుంది, ఎవరైనా తెరిచి చూసి మార్చవచ్చు. పాత యంత్రాల్లోనూ నడుస్తుంది, లైసెన్సు రుసుము ఉండదు. కేరళ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ ఆధారిత వ్యవస్థతోనే పాఠాలు చెబుతున్నాయి. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ భారతీయ భాషలకు తోడ్పాటు ఇస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చింది. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధాన ప్రకటన చేసింది.

విస్తృతంగా వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మామూలుగా 5 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోతుంది. లాగౌట్ కావాలంటే నిర్వాహకుడు డీకాన్ఫ్ అనే అమరికల భాండాగారంలో రెండు మాటలు చెప్పాలి. ఎన్ని సెకన్లకు, ఏం చేయాలి. గడువు 900 అని, చర్య 'లాగౌట్' అని రాస్తే పావుగంటకు సెషన్ మూతపడుతుంది. కరెంటు మీద నడుస్తున్నప్పుడు ఒక గడువు, బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు వేరొక గడువు పెట్టుకునే వీలుంది. వినియోగదారుడు సొంతంగా మార్చకుండా ఆ అమరికలకు తాళం కూడా వేయవచ్చు. వాళ్లు ఒకసారి లాగౌట్ అయి మళ్లీ వచ్చాక మార్పు అమల్లోకి వస్తుంది. దాచుకోని పని పోయే ప్రమాదం ఉందని గ్నోమ్ సహాయ పుటలే నిర్వాహకులను హెచ్చరిస్తాయి.

ఇంకాస్త లోతులో సిస్టమ్‌డీకి చెందిన లాగిన్‌డీ ఉంది. 2022లో వచ్చిన 252వ వెర్షన్ నుంచి, నిర్ణీత సమయం ఖాళీగా ఉన్న సెషన్‌ను ఆపేసే అమరిక దానికి చేరింది. ఎవరూ మార్చకపోతే ఆ గడువు 'అనంతం'. అంటే ఎన్నటికీ ఆపదు. టెర్మినల్‌లో ఆదేశాలు రాసేవారికి బ్యాష్ షెల్‌లో టీఎంఔట్ అనే చరరాశి ఉంది. అన్ని సెకన్లు ఏమీ టైపు చేయకపోతే షెల్ మూతపడుతుంది. ఇన్ని దారులున్నా ఒక్కటీ మనిషి కుర్చీలో ఉన్నాడో లేడో చూడదు. అన్నీ చేతుల కదలికనే నమ్ముతాయి.

బస్తర్‌లో గడియారం వేరు

చేతుల కదలికకూ మనిషి ఉనికికీ ఉన్న సంబంధం అన్నిచోట్లా ఒకేలా ఉంటే 900 అనే అంకె అన్నిచోట్లా పనిచేసేది. అలా లేదు. బస్తర్‌లో ఆ సంబంధాన్ని మార్చే కారణాలు కనీసం నాలుగు.

మొదటిది నెట్‌వర్క్. వేగంగా ఉన్నచోట పేజీ కళ్లముందే తెరుచుకుంటుంది కాబట్టి చేతులు ఆగడమంటే మనిషి లేచి వెళ్లాడన్న ఊహకు కాస్త అర్థముంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట స్కాన్ చేసిన పత్రం ఎక్కేవరకు చేతులు కట్టుకుని చూడటమే పని. నెట్ నెమ్మదించేకొద్దీ వినియోగదారుడు యంత్రానికి మరింత 'ఖాళీగా' కనిపిస్తాడు. కంపెనీ తప్పుకు, కేబుల్ తప్పుకు శిక్ష కుర్చీలో కూర్చున్నవాడికి పడుతుంది.

రెండోది కాగితం. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగల ధ్రువపత్రానికి కుటుంబం 1950కి ముందు నుంచే ఆ ప్రాంతంలో ఉన్నట్టు చూపే పాత రికార్డు అడుగుతారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దావా వేయాలంటే గ్రామసభ తీర్మానం, భూమి హద్దులు, సాక్ష్యాలు కావాలి. ఈ దరఖాస్తుల్లో టైపు చేసేది తక్కువ, వెతికి పోల్చి చూసేది ఎక్కువ. మడతలు పడ్డ కాగితంలో తాత పేరు ఎలా రాశారో కూడబలుక్కుని చదువుతున్నంతసేపూ మౌసు కదలదు.

మూడోది భాష, చదువు. 2011 జనగణన ప్రకారం బీజాపూర్ జిల్లాలో అక్షరాస్యత దాదాపు 41 శాతం. అప్పటికి సుక్మా కూడా కలిసి ఉన్న దంతెవాడ జిల్లాలో 42 శాతం. గోండి, హల్బీ, భత్రీ, దోర్లీ, ధుర్వా మాట్లాడే ఇళ్లు. కోంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. తెరమీద ఉన్నది హిందీ లేదా ఇంగ్లిష్. ఆపరేటర్ ప్రశ్న చదివి, మరొకరు దాన్ని గోండిలోకి మార్చి, ముసలాయన జవాబు చెప్పి, అది తిరిగి హిందీలోకి వచ్చేసరికి నిమిషాలు గడుస్తాయి. గదిలో ముగ్గురు మనుషులు గట్టిగా మాట్లాడుకుంటూ ఉంటారు. కంప్యూటర్‌కు మాత్రం గది ఖాళీ.

నాలుగోది కరెంటు. సరఫరా ఆగితే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది. గ్నోమ్‌లో ఆ రెండు గడువులు వేరువేరు కాబట్టి, నిర్వాహకుడు ఒకదాన్నే మార్చి రెండోదాన్ని వదిలేస్తే, కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ప్రవర్తన మారిపోతుంది. వాడేవాళ్లకు ఎందుకో అర్థం కాదు. 'దీనికి మూడ్ బాగోలేదు' అనుకుంటారు. యంత్రం మీద నమ్మకం అలాగే పోతుంది.

తాళం వేశాం, గొళ్లెం మరిచాం

గడువు తగ్గిస్తే భద్రత దానంతట అదే వస్తుందా అంటే అదీ లేదు. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు, చాలాచోట్ల లాగౌట్ పెట్టి అసలు దారి తెరిచే ఉంచుతారు.

ఒక కేంద్రంలో అందరూ ఒకే లినక్స్ ఖాతా వాడుతున్నారనుకుందాం. గడువు ముగిసింది, సెషన్ మూతపడింది. తర్వాతివాళ్లు అదే పేరుతో, గోడమీద రాసి ఉన్న అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వస్తారు. బ్రౌజర్ తెరుస్తారు. అర్ధాంతరంగా మూతపడిన ఫైర్‌ఫాక్స్ పాత ట్యాబులను తిరిగి తెరిచే వీలు ఇస్తుంది. సర్వర్ దగ్గర గడువు ఇంకా ముగియకపోతే ఆ ట్యాబుల్లోని లాగిన్ కూడా తిరిగి రావచ్చు. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ముందువాళ్ల ఆధార్ పీడీఎఫ్, పాస్‌బుక్ స్కాన్ అలాగే ఉంటాయి. అంటే దరఖాస్తుదారుడు పని పోగొట్టుకున్నాడు, రహస్యమూ పోగొట్టుకున్నాడు. ఆ లాగౌట్ రెండు తప్పులనూ ఒకేసారి చేసింది.

ఇంకో చిక్కు. డెస్క్‌టాప్ గడువు వేరు, వెబ్‌సైట్ సర్వర్ పెట్టుకునే గడువు వేరు. ఒకటి రెండోదానికి తెలియదు. డెస్క్‌టాప్‌ను ఎంత ఉదారంగా పెట్టినా, పోర్టల్ తన గడువు ప్రకారం బయటికి తోసేస్తుంది. డెస్క్‌టాప్‌ను ఎంత కఠినంగా పెట్టినా, పోర్టల్‌లో లాగౌట్ నొక్కకుండా వెళ్లినవారి సెషన్ సర్వర్‌లో కాసేపు బతికే ఉంటుంది. కాబట్టి కేంద్రంలో కంప్యూటర్ సరిచేస్తే చాలదు. పోర్టళ్లు నడిపే శాఖలూ ఈ లెక్కలో భాగమే.

కఠినంగా ఉండాలనే వాదన

గడువు తక్కువగానే ఉండాలనేవారి వాదనను తేలిగ్గా తీసేయలేం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మధ్యస్థ భద్రత అవసరమైన సేవలకు 30 నిమిషాలు, అత్యున్నత స్థాయికి 15 నిమిషాలు ఖాళీగా ఉంటే మళ్లీ గుర్తింపు అడగాలని చెప్పింది. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ కూడా 15 నిమిషాలే అంటుంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, డేటా ఉంచుకునేవారు సముచిత భద్రతా ఏర్పాట్లు చేయాలంటుంది. విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. బస్తర్ వంటి చోట వ్యక్తిగత సమాచారం బయటపడటం డబ్బుతో పోయే విషయం కూడా కాదు. ఎవరు ఏ పథకానికి దరఖాస్తు పెట్టారు, ఎవరు ఏ భూమి మీద దావా వేశారు అన్నది పొరపాటున తెలిసినా మనుషులు ఇబ్బందుల్లో పడే నేల అది.

ఈ వాదన అంతా నిజమే. కానీ దాని నుంచి 'అందుకే 5 నిమిషాలు' అనే ముగింపు రాదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేం. మరీ చిన్న గడువుకు మనుషులు విరుగుడు కనిపెడతారు. మౌసు మీద వేలు పెట్టి ఊరికే కదుపుతూ ఉండమని పిల్లవాడిని కూర్చోబెడతారు. ఖాళీ కాకుండా వీడియో ఒకటి నడుపుతారు. చివరికి అమరికనే తీసేయిస్తారు. కాగితం మీద 5 నిమిషాలున్న గడువు ఆచరణలో అనంతం అవుతుంది. పాటించగలిగిన 20 నిమిషాల నియమం, పాటించలేని 5 నిమిషాల నియమం కంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

పైగా భద్రతా ప్రమాణాలతో పాటే వికలాంగులకు అందుబాటు గురించి చెప్పే ప్రమాణాలూ ఉన్నాయి. వెబ్ పుటలు అందరికీ అందుబాటులో ఉండటానికి 2008 నుంచి అమల్లో ఉన్న డబ్ల్యూసీఏజీ 2 మార్గదర్శకాలు దీనికి ఒక దారి చూపాయి. గడువు ముగిసేముందు మనిషిని హెచ్చరించాలి. స్పేస్‌బార్ నొక్కడం వంటి సులువైన పనితో గడువు పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అలా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలి. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం రూపొందించిన జీఐజీడబ్ల్యూ 3.0 కూడా ఈ మార్గదర్శకాల ఆధారంగానే నడుస్తుంది. చేతులు వణికే వృద్ధులను, నెమ్మదిగా చదివేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చునే బస్తర్ యువతికీ అంతే అవసరం.

అంకెకు ముందు అమరిక

రెండు తప్పులనూ ఒక్క అంకెతో తగ్గించలేమని ముందే తేలింది. అయితే వాటిని తగ్గించే వేరే దారులు రెండున్నాయి. ఒకటి, యంత్రానికి మరో కొలత ఇవ్వడం. రెండు, తప్పు జరిగినా నష్టం తగ్గేలా చూడటం.

హెచ్చరిక మొదటి దారి. 'ఉన్నారా?' అని అడగడమే మనిషి ఉనికిని కొలిచే రెండో పరికరం. గ్నోమ్‌లో లాగౌట్‌కు ముందు హెచ్చరిక చూపే ఏర్పాటు ఉంది. కానీ తెర 5 నిమిషాలకే ఆరిపోయేలా ఉంచి, లాగౌట్ 15 నిమిషాలకు పెడితే, ఆ హెచ్చరిక వచ్చేసరికి తెర చీకటిగా ఉండవచ్చు. చీకటి తెరమీది హెచ్చరిక ఎవరికి? కాబట్టి ఈ రెండు గడువులను కలిపి ఆలోచించాలి. హెచ్చరిక వినపడాలి కూడా. 2011 లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది తమ మాతృభాషగా చెప్పిన గోండిలో, హల్బీలో, దోర్లీలో రికార్డు చేసిన ఒక్క వాక్యం చాలు. ఫోన్ చేసి సొంత భాషలో వార్త చెప్పే సీజీనెట్ స్వర 2010 నుంచి ఇదే ప్రాంతంలో నడిచింది. రాయడం రానివాళ్లకు గొంతు ఎంత పనికొస్తుందో అది చూపించింది. గోండి లిపులు మసరాం, గుంజాల కూడా 2017, 2018లలో యూనికోడ్‌లో చేరాయి. వాటిలో రెండోదానికి పేరిచ్చిన గుంజాల ఆదిలాబాద్ జిల్లాలోని ఊరే. భాషకు సాంకేతిక అడ్డంకి లేదు. అడిగేవాళ్లు లేరంతే.

నష్టం తగ్గించడం రెండో దారి. ప్రతి కొన్ని సెకన్లకు దరఖాస్తు ముసాయిదా దానంతట అదే సర్వర్‌లో దాచుకునేలా పోర్టల్ ఉంటే, లాగౌట్ అయినా పోయేది రెండు వాక్యాలే. అటు రహస్యం సంగతికొస్తే, ఆపరేటర్‌కు ఒక ఖాతా, వచ్చినవాళ్లకు వేరే తాత్కాలిక ఖాతా ఉండాలి. ఆ తాత్కాలిక ఖాతా హోమ్ ఫోల్డర్‌ను డిస్కు మీద కాకుండా ర్యామ్‌లో, టీఎంపీఎఫ్ఎస్ మీద ఉంచి, సెషన్ ముగియగానే తుడిచేయాలి. బ్రౌజర్ చరిత్ర, డౌన్‌లోడ్లు, స్కాన్లు అన్నీ దాంతోనే పోతాయి. ఉబుంటులో ఒకప్పుడు ఇలాంటి అతిథి సెషన్ ఉండేది. అందులో భద్రతా లోపం బయటపడటంతో 2017లో దాన్ని మామూలుగా అందకుండా ఆపేశారు. ఆలోచన మంచిదైనా అమలులో జాగ్రత్త కావాలని ఆ అనుభవం చెబుతోంది.

ఇక అంకె. దాన్ని రాయ్‌పూర్‌లోనో ఢిల్లీలోనో కాకుండా, వాడేచోట కొలిచి పెట్టాలి. ఏ పరికరాన్నైనా వాడేముందు అక్కడి పరిస్థితుల్లో సరిచూసుకోవడం విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠం. ఒక దరఖాస్తు పూర్తయ్యేలోపు చేతులు గరిష్ఠంగా ఎంతసేపు ఆగుతున్నాయి? ఎన్నిసార్లు మనిషి ఉండగానే హెచ్చరిక వస్తోంది? ఎన్నిసార్లు మనిషి వెళ్లాక తెర తెరిచే ఉంటోంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయడానికి ఒక నోటుపుస్తకం, రెండు వారాలు చాలు. ఎవరి పేరూ, ఎవరి వివరాలూ అందులో రాయక్కర్లేదు. బ్యాంకు సేవలకు ఒక గడువు, అటవీ హక్కుల దావాకు వేరొక గడువు అవసరమని అందులోంచే తేలవచ్చు.

ఇది బస్తర్‌కే పరిమితమైన విషయం కూడా కాదు. 2011లో మొదలైన మీ సేవ కౌంటర్లు, 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గ్రామ సచివాలయాలు, ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల కంప్యూటర్ గదులు, అన్నిచోట్లా ఒక యంత్రం ముందు చాలామంది కూర్చుంటారు. అటు కోంటాలో ఉన్న ఇబ్బందే ఇటు చింతూరులోనూ ఉంటుంది.

డిజిటల్ సేవలు మారుమూలకు చేరాయా లేదా అన్నదాన్ని టవర్ల సంఖ్యతో, కేబుల్ పొడవుతో లెక్కించడం అలవాటైపోయింది. వచ్చినవాడి పని పూర్తయ్యేదాకా యంత్రం ఓపిక పట్టిందా, పూర్తయ్యాక అతని గుట్టు దాచిందా అన్నది కూడా ఆ లెక్కలో చేరాలి. 900 అనే అంకెను 1,800గా మార్చడానికి ఒక నిమిషం పట్టదు. ఆ అంకెను ఎవరి కోసం పెడుతున్నామో తెలుసుకోవడానికే ఆ కుర్చీ దగ్గరికి ఒకసారి వెళ్లి కూర్చోవాల్సి ఉంటుంది.